జూలీకి నేను పూసిన చేపల మందు

ఆ రోజు పొద్దున మా కుక్క జూలీ పెరుగన్నం ముందు కూర్చుని నా మొహం చూసింది గానీ ముట్టుకోలేదు. నాలుగు పిల్లలకు పాలిచ్చే తల్లి. రోజూ గిన్నె నాకి నాకి తళతళలాడించేది. ఏదో తేడా చేసిందని అప్పుడే అనిపించింది. చెవులు తిప్పి చూస్తే లోపల పిడుదులు గుత్తులుగా పట్టుకుని రక్తం తాగుతున్నాయి. చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి.

అప్పట్లో మేం ఆకివీడు దగ్గర, కొల్లేటి అంచున ఉండేవాళ్లం. మా ఆయన ఒక ఆసామి చేపల చెరువులకు మేతా కాపలా చూసేవారు. గట్టు మీది షెడ్డులోనే కాపురం. పిల్లలిద్దరూ ఏలూరు హాస్టల్లో చదువుకుంటున్నారు. పగలంతా నాకు మాట్లాడటానికి జూలీ తప్ప దిక్కులేదు. అది వానలో తడుస్తూ గట్టెక్కి వచ్చిన ఊరకుక్క. నాకు మాత్రం ఇంటి మనిషే.

పశువుల ఆసుపత్రికి తీసుకెళ్దామంటే ఆ రోజే చెరువు పట్టుబడి. గట్టు మీద లారీ, ఐసు, ట్రేలు, వలలు లాగే జనం. "రేపు పొద్దున్నే తీసుకెళ్దాంలేవే" అన్నారు ఆయన. రేపటిదాకా ఆగితే నేను నేనెందుకవుతాను? షెడ్డులో పేను మందు సగం సీసా ఉంది. చేపల ఒంటికి పేను పడితే చెరువులో కలిపే మందు అది. నా తెలివి చూడండి. పేను చచ్చి చేప బతికే మందుకు, పిడుదు చచ్చి కుక్క బతకదా అనుకున్నాను. మూతెడు మందు కొబ్బరినూనెలో కలిపి మెడ నుంచి తోక దాకా, పొట్ట కింద కూడా పట్టించాను. అది కదలకుండా పడుకుని రాయించుకుంది. పిడుదులు రాలుతుంటే నేను సంబరపడ్డాను కూడా.

మధ్యాహ్నానికి నోట్లోంచి చొంగ కారడం మొదలైంది. పెదాలు అదిరాయి, తర్వాత ఒళ్లంతా వణుకు. పిల్లల్ని గంపలో వేసుకుని, దాన్ని దుప్పట్లో చుట్టి ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాం.

"ఈని ఎన్నాళ్లయిందండీ?" అని అడిగారు డాక్టరు గారు.

"మూడు వారాలండి."

"పాలిచ్చే కుక్కలకి కాల్షియం పడిపోతే ఇలాగే వణుకుతాయండి. ఎక్లాంప్సియా అంటాం." సిరంజి తీస్తూ ఆగారు. "ఒంటికి ఏవన్నా మందు రాశారా? జిడ్డుగా ఉంది."

పక్కనే, పట్టుబడి వదిలేసి వచ్చిన మా ఆయన నిలబడి ఉన్నారు. చెరువు మందుల జోలికి పోవద్దని నాకు వందసార్లు చెప్పిన మనిషి. ఊళ్లో నన్ను గయ్యాళి అంటారు, అది నిజమే. ఆ ఒక్క క్షణం మాత్రం ఆయన ముందు నిజం ఒప్పుకోవడానికి జంకాను.

"కొబ్బరినూనేనండి" అన్నాను.

డాక్టరు గారు నా మాట నమ్మి కాల్షియం ఎక్కించారు. వణుకు కాస్త తగ్గినట్టే కనిపించింది. రేపటిదాకా పిల్లల్ని తల్లి దగ్గరికి వదలొద్దనీ, డబ్బాపాలు పట్టమనీ చెప్పి పంపారు. ఇంటికొచ్చి ఇంకు ఫిల్లరుతో పాలు పట్టబోతే పిల్లలు ఉమ్మేశాయి, ఒకటే ఏడుపు. ఆ ఏడుపు వినలేక వాటిని తల్లి పొట్ట దగ్గర వదిలాను. ఆ జిడ్డు మీదే నోళ్లు పెట్టి తాగాయి.

దీపాలు పెట్టే వేళకు ఒక పిల్ల బిగుసుకుపోయింది. కాసేపటికి ఇంకోటి. మూడోది నా అరచేతిలోనే పోయింది. జూలీకి మళ్లీ వణుకు మొదలై ఫిట్స్ వచ్చాయి. అప్పుడు ఏడుస్తూ మా ఆయనకు అంతా చెప్పాను. "సీసా ఎక్కడుంది?" అని మాత్రం అడిగారు.

ఆసామి జీపులో ఏలూరు వెళ్లాం. దారిలో నాలుగోదీ పోయింది. కుక్కల్ని చూసే డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. సీసా మీద చీటీ చదివి, "పైరిథ్రాయిడ్ పాయిజనింగ్, పురుగుమందు విషం ఒంట్లోకెక్కింది. దీనికి విరుగుడంటూ లేదమ్మా, ముందు ఒళ్లు కడగాలి" అని తనే గోరువెచ్చని నీళ్లు, సబ్బు అందుకుంది. ఫిట్స్ ఆగడానికి డయాజిపామ్ ఇచ్చి, సెలైన్ పెట్టింది.

"చేపలకేమీ కాదు కదమ్మా" అన్నాను.

"చెరువంటే ఎకరాల నీళ్లమ్మా. మీరు నేరుగా చర్మానికే పట్టించారు" అంది. సెలైన్ సరిచేస్తూ, "మధ్యాహ్నమే చెప్పుంటే అక్కడే కడిగేసేవారు" అంది. ఆ మాటలో కోపం లేదు. కోప్పడినా బాగుండేది.

రెండో రోజు మళ్లీ ఫిట్స్ వచ్చాయి, ఆశ వదులుకున్నాం. మూడో రోజు నీళ్లు తాగింది. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్స్ తక్కువున్నాయి. మొదటి రోజు అన్నం మానేసింది పిడుదులతో వచ్చే టిక్ ఫీవర్ వల్లేనట. నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ మాత్రలు వాడాలన్నారు. ఉడికించిన గుడ్డులో పెట్టి మింగించాను.

ఇంటికొచ్చాక అది చేసిన మొదటి పని గంప వెతకడం. ఖాళీ గంపను చుట్టూ వాసన చూసి, వలల కింద చూసి, మళ్లీ గంప దగ్గరికొచ్చి కూర్చునేది. పాలు గడ్డకట్టి రొమ్ములు రాళ్లలా అయ్యాయి. తడిగుడ్డ వేస్తుంటే నా చెయ్యి నాకేది. ఏ చెయ్యి నాకుతున్నావో తెలిస్తేనా తల్లీ అని కుమిలిపోయేదాన్ని.

"నన్ను తిట్టండి" అని ఆయన్ని ఒకరోజు బతిమాలాను.

"డాక్టరు గారు అడిగినప్పుడు నేను పక్కనున్నాననే కదా చెప్పలేదు?" అన్నారు. "అంత భయపెట్టానా కుమారీ నిన్ను?"

నేను తడిగుడ్డ పిండుకుని జూలీ దగ్గరికి వెళ్లాను. ఆ తర్వాత మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఉంటున్నాం. జూలీకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. పిడుదులకు డాక్టరు రాసిన మందే, చెప్పిన కొలతే. తిండి బాగానే తింటుంది. వీధిలో ఎక్కడైనా కుక్కపిల్ల కుయ్యిమంటే మాత్రం పడుకున్నది లేచి గేటు దాకా వెళ్లి నిలబడుతుంది. నేను లోపలికి వెళ్లిపోతాను, చూడలేను.

కుక్కల్ని పెంచుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. పొరపాటున ఏదైనా పూసి ఉంటే వెంటనే సబ్బుతో కడిగేయండి. ఆ సీసా పట్టుకెళ్లి డాక్టరు ముందు పెట్టి, ఇది నేనే రాశానని చెప్పండి. పక్కన మొగుడున్నా, అత్తగారున్నా చెప్పండి. తిడతారు, తిట్టనివ్వండి. తిట్లకు ఎవరూ చచ్చిపోరు. నేను అనాల్సిన ఒక్క మాట అనకపోతే నాలుగు పోయాయి.