కంచంలో మిగిలిన సగం

మా ఆయన నగరిలో మరమగ్గం మీద చీరలు నేసేవారు. పోయిన ఏడాది పక్షవాతం వచ్చి తేరుకున్నాక, కంచంలో ఎడమవైపు సగం ముట్టకుండానే లేచేవారు. ఎడమపక్కన కూర్చుని పిలిస్తే పలికేవారు కారు. నా వంటకు వంక పెడుతున్నారనుకుని నెల రోజులు సాధించాను. నన్ను చిన్నచూపు చూస్తే మరచిపోయే మనిషిని కాను నేను.

డాక్టరు మమ్మల్ని తిరుపతిలో, మెదడు పనితీరు మీద పరిశోధన చేసే యూనివర్సిటీ బృందం దగ్గరికి పంపారు. రెండు గంటలు వరండాలో కూర్చోబెట్టారు. అదీ మరచిపోలేదు. చివరికి అక్కడ పరిశోధన చేసే ఒక అమ్మాయి వచ్చి, నిండా గీతలున్న కాగితమిచ్చి, ఒక్కో గీతనూ పెన్నుతో కొట్టేయమంది. ఆయన కుడివైపువి మాత్రమే కొట్టి, "అయిపొయ్యినాయి పాపా" అన్నారు.

"ఇంట్లో కూడా ఇంతేమ్మా! నేను చేసిన కూడంటే ఈయనకు లెక్కే లేదు" అని అందరి ముందూ అరిచాను.

ఆ అమ్మాయి మా క్యారియర్ తెరిపించి అన్నం పెట్టమంది. ఆయన సగం తిని ఆగగానే, మిగిలిన సగం కుడివైపుకు వచ్చేలా కంచాన్ని మెల్లగా తిప్పింది.

"ఏమ్మే, ఇంకా కూడుండాదే! చెప్పకూడదా?" అంటూ ఆయన ఆబగా తిన్నారు.

కళ్లు బాగానే ఉన్నాయట. పక్షవాతం దెబ్బకు, ఎడమవైపు అనేది ఒకటుందని మెదడుకు తోచడం లేదట. నెల రోజుల నా తిట్లు గుర్తొచ్చి తలెత్తలేకపోయాను.

ఆమె చెప్పినట్టే కంచం ఎడమ అంచుకు, చీర అంచులా కనబడేట్టు ఎర్రదారం కట్టి, "రెండో అంచు యాడుండాదో సూడయ్యా" అంటూ అలవాటు చేస్తున్నాను. మొన్న ఆయన తనంతట తానే దారం దాకా తిని, ఎడమపక్కనున్న నా వైపు తిరిగారు.

"ఏమ్మే, కూరలో ఉప్పు సాల్లేదే" అన్నారు.

నా వంటకు వంక పెడితే నేను సంతోషించింది ఆ ఒక్కసారే. ఆ మాట కూడా మరచిపోను.