నేను ఉన్ని కత్తిరించిన మస్క్ ఆక్స్ దూడ

ఎనభైల మొదట్లో కూతురి కాన్పు కోసం అలాస్కా వెళ్లాను. అల్లుడు అక్కడ మస్క్ ఆక్స్‌లను పెంచే ఫారంలో పశువుల డాక్టరు. అవి మంచు దేశపు పశువులు. పైన నేలను తాకేంత జుట్టు, దాని కింద మెత్తటి ఉన్ని. ఎండలు మొదలయ్యాక ఆ ఉన్ని దానంతటదే వదులవుతుంది. అప్పుడు పశువును కొయ్యచట్రంలో నిలబెట్టి దువ్వెనతో దువ్వి తీస్తారు.

గొర్రెలు కాసే ఇంట పుట్టినదాన్ని. ఆ నిదానం చూస్తే నాకు ఒళ్లు మండింది.

"కత్తెర వేస్తే గంటలో అయ్యేదానికి పూటంతా దువ్వుతారా?" అన్నాను.

"వద్దత్తమ్మా, కట్ చేస్తే చలికి తట్టుకోలేదు. మన గొర్రె కాదిది," అన్నాడు అల్లుడు.

"నిన్నగాక మొన్న డాక్టరువయ్యావు, ఉన్ని సంగతి నాకు చెబుతావా?"

అతను నవ్వి, ఫోనొస్తే ఆఫీసులోకి వెళ్లాడు. చట్రంలో ఉన్న ఏడాది దూడకు ఒక పక్కంతా కత్తిరించేశాను. అది కదలకుండా నిలబడింది.

మర్నాడు మంచు కలిసిన వాన పట్టుకుంది. కొట్టంలో చేర్చి దుప్పట్లు కప్పినా దూడకు రొమ్ము పట్టేసింది. నాలుగో రోజు చచ్చిపోయింది.

ఎవరు కత్తిరించారని యజమాని అడిగాడు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు అర్థమైంది. అల్లుడు నావైపు చూడకుండా తానేనన్నాడు. నేను నోరు విప్పలేదు. అతని ఉద్యోగం పోయింది.

పసిబిడ్డతో ఆ ఊరు వదిలి వెళ్తుంటే, కారు నడుపుతూ అడిగాడు.

"చలేస్తోందా అత్తమ్మా, హీటర్ పెంచనా?"

అప్పుడైనా తప్పు నాదేనని అనాల్సింది. "పెంచు" అన్నాను.