అక్క వేళ్ల మీది కాలమ్‌లు

ఆమె ముఖం కంటే ముందు నాకు ఆమె ఎడమచెయ్యే గుర్తొస్తుంది. సిరిసిల్లలో మరమగ్గాల కార్మికుల వివరాల కోసం ప్రోగ్రాం రాసే చిన్న ఆఫీసు మాది. అందులో మా సీనియర్‌ను అక్కా అని పిలిచేవాళ్లం. డేటాబేస్ మాటొస్తే చాలు, చెయ్యి బల్లమీద పరిచి, ఒక్కో వేలూ పట్టికలో ఒక్కో కాలమ్ అన్నట్టు చూపించేది.

ఒకరోజు నేను సొంతూరు, పనిచేసే ఊరు రెండూ కలిపి ‘నివాసం’ అనే ఆబ్జెక్టు, అంటే ప్రోగ్రాంలో ఒకే మూట, తయారుచేశాను. సేవ్ చేయబోతే ఎర్రర్ వచ్చింది.

“గంత ముద్ద ఒక్క కాలమ్‌ల ఎట్ల కూసుంటది తమ్మీ? దాసేటప్పుడు విడగొట్టాలె. తీసేటప్పుడు మల్ల కలపాలె” అంది, రెండు వేళ్లు దూరంగా చాపి.

అలాగే ఒక్కో ఊరికి ఒక్కో కాలమ్ చొప్పున, ఏది ఎందులోకి వెళ్లాలో, మళ్లీ ఎలా కలవాలో చెప్పే మ్యాపింగ్ రాశాం. పరీక్షించడానికి ఎవరి వివరాలు కొట్టాలని అడిగాను.

“మా ఆయనవి కొట్టు.”

ఇక్కడ మగ్గాలు ఆగిపోయాక ఆయన మగ్గం పనికే మహారాష్ట్రలోని భివండి వెళ్లాడు. కూతురు బడిలో చేరిన రోజుకు కూడా రాలేకపోయాడు. సొంతూరు సిరిసిల్ల, పనిచేసే ఊరు భివండి అని కొట్టి సేవ్ చేశాను. మళ్లీ తెరిస్తే రెండు ఊళ్లూ ఒకే నివాసంగా, పక్కపక్కనే వచ్చాయి.

అక్క తెర చూస్తూ మళ్లీ రెండు వేళ్లు దూరంగా చాపింది. వాటిని మెల్లగా దగ్గరకు చేర్చింది.

“గీడనైతే కలుపుడు సులువుగనే అయింది” అంది.