ఎల్లారెడ్డి లైన్ ప్రమీల

ప్రమీల చిన్నతనమంతా సగం తండాలో, సగం కేబుల్ కాల్వల పక్కన గడిచింది. వాళ్ల తండా ఎల్లారెడ్డి నుంచి లింగంపేట వెళ్లే దారిలో కొంచెం లోపలికి ఉంటుంది. తండ్రి దేవీసింగ్, తల్లి రామ్లి. వానాకాలం పంట ఇల్లు చేరగానే తండాలో చాలా ఇళ్లకు తాళాలు పడేవి. మేస్త్రీ లారీ పంపితే పిల్లాజెల్లాతో పుణె వైపు వెళ్లి, రోడ్ల పక్కన పొడుగ్గా కాల్వలు తవ్వేవాళ్లు. అందులో నారింజ రంగు గొట్టం పరిచి, మట్టి కప్పి, గుడారాలు పీక్కుని ముందుకు జరిగేవాళ్లు.

ఒకసారి ప్రమీల తండ్రిని అడిగింది. ఇంట్లో వాళ్లది లంబాడీ మాటే. ఇక్కడ తెలుగులో చెబుతున్నాను.

"బాపూ, గా గొట్టంల ఏం పోతది?"

"కరెంటు కావచ్చు బిడ్డా."

"మరి నువ్వు పట్టుకుంటే షాక్ ఎందుకు కొట్టలే?"

దేవీసింగ్ మేస్త్రీని అడిగాడు. ఫోన్ మాటలు పోతాయని మేస్త్రీ చెప్పాడు. గొట్టంలో మాటలు ఎలా పోతాయో మేస్త్రీకీ తెలియదు. బిడ్డ చదువు ఇలా ఊళ్ల వెంట తిరిగితే సాగదని ఆ ఏడాదే రామ్లి పట్టుబట్టి, ఆమెను ఎల్లారెడ్డి హాస్టల్లో చేర్పించింది. తర్వాత కాల్వల పక్కకు ప్రమీల సెలవుల్లో మాత్రమే వెళ్లేది.

2009లో కామారెడ్డిలో డిగ్రీలో చేరింది. బీఎస్సీ, కంప్యూటర్లు. పాఠాలన్నీ ఇంగ్లీషులో ఉండటంతో మొదటి రెండేళ్లూ బట్టీ పట్టి గట్టెక్కింది. మూడో ఏడు నెట్‌వర్క్‌ల పాఠం నిరోష మేడం చేతికి వచ్చింది. నిరోష కామారెడ్డిలోనే బీడీలు చుట్టే ఇంట్లో పుట్టిన మనిషి, ఉద్యోగానికి కొత్త. మొదటి పరీక్షలో నెట్‌వర్క్ ఏడు అంచెల పేర్లూ ప్రమీల వరుస తప్పకుండా రాసింది. మేడం పేపర్ ఇస్తూ అడిగింది.

"పేర్లన్నీ రాసినవ్. మంచిదే. ఈడికెల్లి ఎల్లారెడ్డికి ఒక మెసేజ్ పంపితే మధ్యల ఏమైతదో నీ మాటల్ల చెప్పు."

ప్రమీల తల వంచుకుంది. మేడం క్లాసంతా చూసింది. అప్పుడామె ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి, దాన్ని ముక్కలుగా చింపింది. ప్రతి ముక్క మీద ఒక అంకె వేసి, చేరాల్సిన అమ్మాయి పేరు రాసింది. ఆ అమ్మాయి ఆఖరి బెంచీలో ఉంది. ముక్కల్ని మొదటి వరుసలో వాళ్లకు పంచి, "మీకు ఏ పక్క ఖాళీ ఉంటే ఆ పక్కకు అందించుండ్రి" అంది. కొన్ని ఎడమ వరుసలోంచి, కొన్ని కుడి వరుసలోంచి, వెనకవి ముందు, ముందువి వెనక వెళ్లి చేరాయి. ఆఖరి బెంచీ అమ్మాయి అంకెల ప్రకారం పేర్చి చూస్తే ఒక ముక్క తక్కువైంది. అది ఎవరి కాళ్ల కిందో పడిపోయింది.

"ఏ అంకె రాలేదో అడుగు" అంది మేడం. "అడిగితే నేను మళ్ల రాసి పంపుత. మొత్తం కాగితం కాదు, గా ఒక్క ముక్కనే."

ఆ పూట నుంచి ప్రమీల బట్టీ మానేసింది.

తీజ్ పండగకు తండాకు వెళ్లినప్పుడు తండ్రికి చెప్పింది. గొట్టంలో పోయేది కరెంటు కాదు, వెలుగు. అది ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. ఆ ఆరడం, వెలగడమే అక్షరాలు, మాటలు, బొమ్మలు. అన్నీ ముక్కలై పోయి అవతల మళ్లీ కలుస్తాయి.

దేవీసింగ్ దాన్ని తనకు తెలిసిన పనితో పోల్చి చూసుకున్నాడు. "మనం పుణె పోయేటప్పుడు ఒక్క లారీ సరిపోక రెండు మూడింటిల పోతుంటిమి గద. అడ్డా మీద దిగినంక మేస్త్రీ తలకాయలు లెక్కవెట్టి, తక్కువ వడ్డోళ్ల కోసం మనిషిని తోలేటోడు. గట్లనే అంటవు."

"గట్లనే బాపూ."

"మరి మట్టి కింద వెలుగేందో నాకు సమజ్ గాలే" అని ఆయన నవ్వాడు.

డిగ్రీ అయ్యాక 2012లో ప్రమీలకు కామారెడ్డిలో ఇంటర్నెట్ కనెక్షన్లిచ్చే ఒక చిన్న సంస్థలో ఉద్యోగం దొరికింది. యజమాని సతీశ్. పట్నంలో పెద్ద కంపెనీలో పని నేర్చుకుని వచ్చి, కామారెడ్డి నుంచి తాడ్వాయి, లింగంపేటల మీదుగా ఎల్లారెడ్డి దాకా సొంతంగా కేబుల్ వేయించాడు. ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర బాలమల్లు నడిపే నెట్ సెంటర్, రెండు కాలేజీలు, ఒక ఆస్పత్రి ఆ లైన్ మీదే ఆధారపడేవి.

ప్రమీల పని కామారెడ్డి ఆఫీసులో కూర్చుని అన్ని లైన్లనూ కనిపెట్టి ఉండటం. తెరమీద ఒక్కో ఊరికి ఒక్కో చుక్క ఉంటుంది. లైన్ బాగుంటే పచ్చగా, పోతే ఎర్రగా. ఎర్రబడితే అక్కడ కరెంటు పోయిందా, పెట్టె చెడిందా, కేబుల్ తెగిందా అన్నది కనుక్కుని మనిషిని పంపాలి. ఏ లైన్ మీద ఎప్పుడు రద్దీ పెరుగుతుందో చూసి ముందే సర్దాలి.

చేరిన కొత్తలో ఒక తప్పు చేసింది. ఎల్లారెడ్డిలో ఉన్న రౌటర్‌ను, అంటే ఏ ముక్క ఏ దారిన పోవాలో చూసే పెట్టెను, కామారెడ్డి నుంచే సరిచేయబోయి తనే లోపలికి పోలేకుండా దారి మూసేసుకుంది. ఇంట్లో తాళంచెవి మరిచి తలుపు లాగేసినట్టయింది. ఎల్లారెడ్డి బస్సెక్కి, స్వయంగా వెళ్లి తెరిచి వచ్చింది. బాలమల్లు చాయ్ తెప్పించి, "కంప్యూటర్ల కాలం వచ్చినా బస్సెక్కుడు తప్పకపాయె బిడ్డా" అన్నాడు. ఆ తర్వాత దూరం నుంచి ఏ మార్పు చేసినా, అది బెడిసికొడితే కొద్ది నిమిషాల్లో దానంతటదే పాత స్థితికి వచ్చేలా పెట్టుకోవడం ఆమెకు అలవాటైంది.

2013 వానాకాలంలో అసలు కష్టం వచ్చింది. ఇంజనీరింగ్ సీట్లకు మొదటి విడతలో కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టుకునేందుకు అది ఆఖరి రోజు. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలంతా పొద్దున్నే బాలమల్లు సెంటర్‌కు వచ్చారు. ఉదయం పని జోరుగా సాగుతుండగా ఎల్లారెడ్డి చుక్క ఎర్రబడింది. ఆ వెంటనే బాలమల్లు ఫోన్ చేశాడు.

"ప్రమీలా, లైన్ పోయింది. ఈడ పిల్లలు నిండుగున్నరు. కొందరి అమ్మానాయినలు గూడ వచ్చి కూసున్నరు. ఏం జెప్పాలె?"

"కరెంటు ఉన్నదా అన్నా?"

"ఉన్నది. పెట్టె మీద ఎర్రలైటు వెలుగుతున్నది."

ఎర్రలైటు అంటే పెట్టెకు వెలుగు అందడం లేదని. కేబుల్ తెగిందని ఆమెకు అర్థమైంది. కేబుల్‌లోకి వెలుగు పంపి, అది వెనక్కి వచ్చిన తీరును బట్టి ఎంత దూరంలో తెగిందో చెప్పే యంత్రం ఆఫీసులో ఉంది. అది లింగంపేట దాటాక, ఎల్లారెడ్డికి ఇవతల అని చూపించింది. ఎప్పటికి అతుకుతామో చెప్పడం కష్టం. ప్రమీల మళ్లీ ఫోన్ చేసింది.

"అన్నా, ఆగినా కుదిరే పిల్లలు ఆగనీ. ఆగలేనోళ్లను బస్సెక్కించి ఈడికి తోలు. మా ఆఫీసుల కంప్యూటర్లు ఇస్తం."

సతీశ్‌ను అడగకుండానే ఆ మాట ఇచ్చింది. తర్వాత చెబితే ఆయన కాదనలేదు. ఆఫీసులో వాళ్లను పిల్లలకు తోడుంచి, అతుకు వేసే కార్మికుడితో పాటు ప్రమీల, సతీశ్ జీపెక్కారు.

తెగిన చోట మంచినీళ్ల పైపు కోసం కాల్వ తవ్వుతున్నారు. పని ఆగిపోయి కూలీలు తుమ్మచెట్టు కింద నిలబడ్డారు. పైపుల కాంట్రాక్టర్ తరఫు సూపర్‌వైజర్ ఎదురొచ్చి, ఒక మనిషి వైపు వేలు చూపించాడు.

"గాయనే సార్ గడ్డపారతోని కొట్టింది. ఇన్నేండ్లు కేబుల్ పని చేసినోడే. కేసు వెట్టుకుంటే ఆయన మీద వెట్టుకోండ్రి. మాకు సంబంధం లేదు."

ఆ మనిషి దేవీసింగ్. పంట ఇంకా చేతికి రాలేదు, ఈలోగా దగ్గర్లో దొరికిన కూలికి వస్తున్నాడు. ఏ పక్క తవ్వుతున్నాడో ప్రమీలకు తెలియదు. జీపులోంచి దిగిన కూతుర్ని చూసి ఆయన గడ్డపార కింద పెట్టేశాడు.

"ఇన్నేండ్లు కేబుల్ పనే చేసినవంట. గొట్టం ఉంటదని తెల్వదా?" సతీశ్ గొంతు పెంచాడు.

"తెల్సు సార్. వేరు అనుకున్న. కొట్టినంక చూస్తే గొట్టం."

సతీశ్ ఫోన్ తీశాడు. పోలీసులకు చెప్పడానికేనని ప్రమీలకు అర్థమైంది. కాల్వ అంచున కూర్చుని లోపలికి చూసింది. తర్వాత లేచి, "సార్, ఆయన మా బాపు" అంది.

సతీశ్ చేయి ఆగింది. సూపర్‌వైజర్ నవ్వాడు. "ఇంకేంది, ఇంటోళ్లే."

"మా బాపు అని చెప్తలేను సార్. ఒక్కసారి కాల్వల చూడుండ్రి. మన కేబుల్ మోకాలి లోతుకే ఉన్నది. ఈడ బండ వచ్చిందని లోతుకు తవ్వకుండ పరిచిండ్రు. మీద ఎచ్చరిక పట్టీ లేదు, గుర్తు రాయి లేదు. ఎవరు తవ్వినా తెగుతది. కేసు వెడితే మొదలు మనల్నే అడుగుతరు."

తండ్రి కోసం మాట్లాడిందో, లైన్ కోసం మాట్లాడిందో అప్పుడు తనకే తెలియలేదని ఆమె తర్వాత చెప్పింది. ఉద్యోగం పోతుందని మాత్రం అనుకుంది.

సతీశ్ కాల్వలోకి దిగాడు. గొట్టం పక్కన చేయి పెట్టి లోతు చూసుకున్నాడు. పైకి వచ్చి, ఎవరి ముఖం చూడకుండా, "ముందు అతుకుండ్రి" అన్నాడు.

తుంపర మొదలైంది. అతుకు వేసేచోట చుక్క నీరు పడకూడదు. దేవీసింగ్ తమ గుడారం టార్పాలిన్ తెచ్చి, మరో ఇద్దరితో కలిసి ఎత్తి పట్టుకున్నాడు. కార్మికుడు గొట్టం కోసి, లోపలి తొడుగులు వొలిచి, గాజు పోగుల్ని బయటికి తీశాడు. ఎన్నో ఏళ్లుగా ఆ గొట్టాల్ని మోసిన దేవీసింగ్ లోపలి పోగును చూడటం అదే మొదటిసారి.

"ఇదేనా?" అన్నాడు మెల్లగా.

"ఇదే బాపూ."

"వెంట్రుక తీరున్నది."

ఆయన అతుకు పూర్తయ్యేదాకా చేతులు దించలేదు. సాయంత్రానికి ఎల్లారెడ్డిలో లైన్ వచ్చింది. కామారెడ్డి వెళ్లిన పిల్లలు అక్కడ, ఆగిన పిల్లలు బాలమల్లు దగ్గర ఆప్షన్లు పెట్టుకున్నారు. అంజలి అనే అమ్మాయి మాత్రం మధ్యాహ్నానికే ఆశ వదిలి నిజాంసాగర్ దగ్గరి తమ ఊరికి వెళ్లిపోయింది. లైన్ వచ్చిందని బాలమల్లు చేసిన ఫోన్ కలవలేదు. మొదటి విడత ఆమెకు తప్పిపోయింది.

ఆ సంగతి విని ప్రమీల ఆదివారం ఆమె ఇంటికి వెళ్లింది. ఇచ్చిన మంచినీళ్లు తాగి కూర్చుంది.

"రెండో విడతల పెట్టుకుంట అక్కా. కాకపోతే నేను అనుకున్న కాలేజీ దొరుకుతదో లేదో" అంది అంజలి. ఆ కాలేజీ దొరకలేదు. వేరే దాంట్లో చేరింది.

సతీశ్ కేసు పెట్టలేదు. అలాగని వెంటనే మనసు కలిపి మాట్లాడనూ లేదు. కొన్ని వారాలపాటు పనికి సంబంధించిన మాటలే. ఒకరోజు పిలిచి, "లోతు తక్కువున్న జాగలన్నీ మళ్ల తవ్విద్దాం. మీ బాపు వాళ్లు చేస్తరా?" అని అడిగాడు. అడిగేటప్పుడు కూడా కంప్యూటర్ వైపే చూస్తున్నాడు.

దేవీసింగ్ ముఠా ఆ పని చేసింది. ఒక కల్వర్టు దగ్గర కేబుల్ ఎడమ పక్కనే ఉంటుందని ఆయన గట్టిగా చెప్పి, పొద్దంతా తవ్వించాడు. అది కుడి పక్కన దొరికింది. రామ్లి అన్నం డబ్బా తెచ్చి ఆ కాల్వ చూసి, "కేబుల్ ఏమో గని నీళ్లు వడేటట్టున్నయి" అంది. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. తిరిగి పూడ్చినచోటల్లా గుర్తు రాళ్లు పాతారు.

ప్రమీలకు అది చాలలేదు. లైన్ ఎంత లోతుకు వేసినా ఒకటే ఉంటే ఏదో ఒకరోజు తెగుతుంది. తెగినా ఆగకుండా ఉండాలంటే రెండో దారి కావాలి. బాన్సువాడ నుంచి నిజాంసాగర్ మీదుగా ఎల్లారెడ్డికి వచ్చే వేరే సంస్థ లైన్‌ను కొంత అద్దెకు తీసుకుందామని ఆమె అడిగింది. సతీశ్ ఖర్చుకు వెనకాడాడు. ఆమె వదల్లేదు. రౌటర్లు ఒక దారి మూసుకుంటే రెండోదాన్ని ఎలా పట్టుకుంటాయో ఆఫీసులోనే రెండు పెట్టెలు పెట్టి, ఒక వైరు పీకి చూపించింది. తెరమీద నడుస్తున్న వీడియో ఒక్క క్షణం తడబడి సాగిపోయింది. సతీశ్ తనే ఇంకోసారి వైరు పీకి చూశాడు.

2014 ఎండాకాలంలో రెండో దారి వచ్చింది. ఆ వానల్లో తాడ్వాయి దగ్గర కల్వర్టు మట్టి కొట్టుకుపోయి కేబుల్ తెగితే, ప్రమీల బాలమల్లుకు ఫోన్ చేసి ఎలా ఉందని అడిగింది. "మంచిగనే ఉన్నది, ఏమైంది?" అన్నాడాయన. ఆమె ఏం లేదని ఫోన్ పెట్టేసి, అతుకు వేసేవాళ్లను పంపింది.

ఇప్పుడు అన్ని లైన్ల బాధ్యతా ఆమెదే. లైన్లు మొదట భిక్నూర్‌కు, తర్వాత మహారాష్ట్ర, కర్ణాటక అంచున ఉన్న జుక్కల్ దాకా వెళ్లాయి. జుక్కల్ నుంచి ఫోన్ చేసేవాళ్లలో కొందరు మరాఠీలో, కొందరు కన్నడలో లైన్ పోయిందని చెబుతారు. కాల్వల పక్కన పెరిగినప్పుడు చెవిన పడ్డ మరాఠీ ఆమెకు కొంత పనికొస్తోంది. కన్నడ మాత్రం ఇంకా చిక్కలేదు. పెట్టె మీద ఏ రంగు లైటు వెలుగుతోందో అడగడం ఒక్కటి నేర్చుకుంది.