తిరగేసిన గ్లవ్

మా తమ్ముడు మెల్‌ఫర్డ్ పోయి ఆరు వారాలైంది. నిన్న చక్కెర మిల్లు బేస్‌బాల్ లీగ్ కమిటీ నుంచి ఇద్దరు వచ్చి వాడి గ్లవ్ అడిగారు. వాళ్లకు నేనిచ్చిన జవాబు అర్థం కావాలంటే ముందు ఆ గ్లవ్ కథ చెప్పాలి.

మెల్‌ఫర్డ్‌ది పుర్రచెయ్యి. తినడం, చెరకు నరకడం, బంతి విసరడం అన్నీ ఎడమచేత్తోనే. మా సాన్ పేద్రోలో ఎడమచేతి ఆటగాళ్లకు కొదవలేదు కానీ వాళ్లు నిలబడే చోట్లు ముందే ఖాయమైపోయి ఉంటాయి. దూరంగా గడ్డిలో బంతుల వెంట పరుగెత్తాలి, లేదా మొదటి బేస్ మీద కాలు ఆనించి నిలబడాలి. రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ నడుమ ఉండే షార్ట్‌స్టాప్ చోటు మాత్రం వాళ్లది కాదు. అక్కడ బంతి అందుకున్న కుడిచేతివాడు ఉన్నపళాన మొదటి బేస్‌కు విసిరేస్తాడు. ఎడమచేతివాడు ఒళ్లంతా తిప్పుకోవాలి. ఆ లోపల బంతి కొట్టి పరుగెత్తేవాడు, అది చేరకముందే, బేస్ తొక్కేస్తాడు.

వాడికి పదకొండో ఏటి నుంచీ ఆ చోటే కావాలి.

"మైదానం అంత పెద్దగా ఉంటే ఆ మూలే కావాలా నీకు?" అనేది అమ్మ.

"బంతులన్నీ అక్కడికే కదమ్మా వచ్చేది" అనేవాడు వీడు.

గ్లవ్ దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. విసిరే చెయ్యి ఖాళీగా ఉంచి రెండో చేతికి తొడుగుతారు దాన్ని, అంటే వీడికి కుడిచేతికి. షార్ట్‌స్టాప్ గ్లవ్ చిన్నదిగా, లోతు తక్కువగా ఉండాలి. అందులో పడ్డ బంతి కోసం వేళ్లు వెతుక్కోకూడదు. అలాంటిది కుడిచేతికి తొడుక్కునేది ఎవరూ చేయరు, ఎవరూ అమ్మరు. దొరికేవన్నీ దూరాన నిలబడేవాళ్లవి, చేటంతేసి. మెల్‌ఫర్డ్ ఒక పాతది సంపాదించి, ఎద్దుబళ్ల పట్టెడలు కుట్టే తిమోతియో తాత దగ్గరికి తీసుకుపోయాడు. తాత దాని వేళ్లు రెండంగుళాలు కత్తిరించి మళ్లీ కుట్టిపెట్టాడు. కుడుతూ చెప్పాడట, గ్లవ్‌ను ఎప్పుడూ లోపలివైపు బయటికి పెట్టి కుట్టి, ఆఖర్న దిండు గలేబులా తిరగేస్తారని. మెల్‌ఫర్డ్ ఆ మాట మరిచిపోలేదు.

ఇరవై రెండో ఏట మా మిల్లు జట్టులో షార్ట్‌స్టాప్ జ్వరంతో పడుకుంటే వీడు ఆ చోట్లోకి దూరాడు. మళ్లీ కదల్లేదు. ఒళ్లు తిప్పుకోవడానికి పట్టే సమయం మిగలాలని అందరికంటే రెండడుగులు ముందుకు నిలబడేవాడు. దెబ్బ తగిలితే పళ్లు రాలే దూరం అది.

"ఏంట్రా, మీ షార్ట్‌స్టాప్‌ని అద్దంలోంచి తెచ్చుకున్నారా?" అని అరిచేవాళ్లు అవతలి జట్టువాళ్లు.

"ముందు బేస్ దాకా రా. అక్కడ మాట్లాడుకుందాం" అనేవాడు మెల్‌ఫర్డ్.

ఆ సీజన్ మొత్తంలో వాడు వదిలిన బంతులు మూడు.

చెరకు ఆడడం ముగిశాక వచ్చే ఆదివారం మా దగ్గర ఫీల్డింగ్ బహుమతులు ఇస్తారు. సీజన్‌కు ముందే కొత్త గ్లవ్‌లు కొని, ఆవిరి గొట్టాలకు వేసే బంగారు రంగు పూసి, ఖాళీ చెరకు బండికి వేలాడదీస్తారు. మొదటి బేస్‌ది వేళ్లు లేని వెడల్పాటిది. రెండో బేస్‌ది అన్నిటికన్నా చిన్నది. మూడో బేస్‌ది లోతుగా, మందంగా ఉంటుంది, అక్కడికి బంతి కొట్టినంత వేగంగా వస్తుంది కనుక. షార్ట్‌స్టాప్‌దానికి వలలా ఖాళీలుంటాయి. గెలిచినవాళ్లు దాన్ని ఇంట్లో మేరీమాత పటం పక్కన తగిలించుకుంటారు. దానితో ఎవరూ ఆడరు.

షార్ట్‌స్టాప్ బహుమతికి మెల్‌ఫర్డ్ పేరు పిలిచారు. గ్లవ్ చేతికిచ్చాక గానీ కమిటీకి తట్టలేదు, అది ఎడమచేతికి తొడుక్కునేదని. పుర్రచేతివాడు ఆ బహుమతి గెలుస్తాడని ఎవరు అనుకున్నారు కనక? జనం ఘొల్లుమన్నారు.

"గోడకి తగిలించేదే కదా. ఏ చేతిదైతే ఏంటి?" అన్నాడు డోన్ ఎవారిస్తో. చెరకు తూచే కాటాకు ఆయన అధికారి, జట్టూ కమిటీ రెండూ ఆయన చేతిలోవే. అక్కడితో ఆగితే బాగుండేది. "ఒక మాట. వచ్చే సీజన్ నుంచి మెల్‌ఫర్డ్ మొదటి బేస్‌లో ఆడతాడు. రాజధాని నుంచి ఆటగాళ్లని ఎంచుకునేవాళ్లు వస్తున్నారు. వాళ్లముందు మనం నవ్వులపాలు కాకూడదు."

"ఈ బహుమతి ఏ చోటికిచ్చారు, డోన్ ఎవారిస్తో?"

"షార్ట్‌స్టాప్‌కి."

"అయితే అక్కడే వాడతా."

"ఏ చేతికి పెట్టుకుంటావురా?"

మళ్లీ నవ్వులు. మెల్‌ఫర్డ్ గ్లవ్‌ను చంకలో పెట్టుకుని నడిచి వచ్చేశాడు.

మర్నాడు మా భోజనాల బల్ల మీద దాని తోలుతాళ్లు విప్పుతుంటే నేను పక్కనే ఉన్నాను. తిమోతియో తాత కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు.

"తిరగేస్తే కుడిచేతికి వస్తుంది కదా తాతా?"

"వస్తుంది. గరుకు తోలు బయటికి, కుట్లన్నీ బయటికి. చచ్చిన పందికొక్కులా ఉంటుంది."

"బంతికి కళ్లు లేవు కదా."

"మరి బంగారం?"

"లోపలికి పోతుంది. పోనీ."

లోపలి అస్తరు తీసేశారు. మెత్త మాత్రం అటుమార్చి పెట్టి మళ్లీ తాళ్లు లాగి బిగించారు. వాడు చెయ్యి దూర్చి, పిడికిలితో నాలుగు గుద్దులు గుద్ది, తీసి చూపించాడు. అరచెయ్యంతా పసుపు పూసినట్టుంది. అమ్మ ఆ చేత్తో రొట్టెలు ముట్టుకోవద్దంది.

కొత్త సీజన్ మొదటి ఆటలో వాడు ఎవరినీ అడక్కుండా షార్ట్‌స్టాప్ చోటికి వెళ్లి నిలబడ్డాడు. డోన్ ఎవారిస్తో మెట్లు దిగి మైదానంలోకే వచ్చాడు. నేను తాడుకు ఇవతలే ఉన్నాను, మాటలన్నీ వినబడ్డాయి.

"మొదటి బేస్‌కి పో."

"నాకు మీరిచ్చింది షార్ట్‌స్టాప్ గ్లవ్. ఇంకోటి లేదు."

"ఇదా నేనిచ్చింది? దీని మొహం చూడు."

"ఒక్క బంతి ఉండనివ్వండి. వదిలేస్తే నేనే గడ్డిలోకి పోతా, మళ్లీ ఈ మట్టి తొక్కను."

ఆయన రాజధాని మనుషుల వైపు ఓరగా చూసి, "ఒక్క బంతే" అన్నాడు.

మూడో బ్యాటరు కొట్టిన బంతి మెల్‌ఫర్డ్‌కు కుడివైపు, మూడో బేస్ పక్కగా నేలబారున దూసుకెళ్లింది. కుడిచేతివాడైతే ఒంటికి అడ్డంగా చెయ్యి చాపి, మణికట్టు తిప్పి అందుకోవాలి. తమ్ముడి గ్లవ్ అటువైపు చేతికే ఉంది. నాలుగు అంగల్లో అందుకుని, గిర్రున తిరిగి, కాళ్లు సర్దుకోకుండానే విసిరాడు. బంతి మొదటి బేస్ చేరేసరికి పరుగెత్తేవాడి కాలు ఇంకా గాల్లో ఉంది.

మెల్‌ఫర్డ్ గ్లవ్ తీసి, పసుపుపచ్చటి అరచెయ్యి డోన్ ఎవారిస్తో వైపు ఎత్తి పట్టుకున్నాడు.

"సరే, ఇంకో బంతి చూద్దాం" అన్నాడాయన.

ఆ ఇంకో బంతి పద్నాలుగేళ్లు సాగింది. రాజధానివాళ్లు వాణ్ణి తీసుకోలేదు. బంగారు గ్లవ్ కూడా మళ్లీ ఇవ్వలేదు. ఏటా ఎవరో ఒకరికి ఇచ్చారు, వాళ్లలో ఇద్దరు వాడి దగ్గర నేర్చుకున్నవాళ్లే. వాడు ఒక్కసారీ అడగలేదు, చోటూ వదల్లేదు.

వాడికి ఆఖరి స్నానం చేయిస్తున్నప్పుడు కుడి అరచెయ్యి విప్పి చూశాను. రంగు ఎప్పుడో పోయిందని నాకు తెలుసు. అయినా చూశాను.

నిన్న వచ్చిన కమిటీవాళ్లు మర్యాదస్తులే. ఆఫీసులో అద్దాల పెట్టె చేయిస్తారట. "తిరిగి సరిగ్గా తిప్పించి, కొత్త రంగు వేయించి పెడతాం అక్కా. మెరిసిపోతుంది" అన్నారు.

"తిప్పడానికి వీల్లేదు. ఇలాగే పెట్టేట్టయితే ఇస్తాను."

"ఇలా పెడితే ఏం బాగుంటుంది? కుట్లు, గరుకు తోలు. వచ్చినవాళ్లకి ఏం అర్థమవుతుంది?"

"అడిగినవాళ్లకి మీరు చెప్పండి, తప్పు చేతిది ఇచ్చామని."

కమిటీని అడిగి వస్తామన్నారు. అడగమన్నాను. వాళ్లు వెళ్లాక గ్లవ్‌లో బంతి పెట్టి, మూసి, తాడుతో గట్టిగా కట్టాను. ఆకారం చెడకుండా మెల్‌ఫర్డ్ ప్రతి సాయంత్రం అలాగే కట్టేవాడు, మర్నాడు ఆట ఉన్నా లేకపోయినా.