అండీ అనేదాకా ఆగాలి

నిన్న ఫోన్లో మాట్లాడుతుంటే నా గొంతే నాకు క్షణం ఆలస్యంగా తిరిగి వినిపించింది. చిరాకు పడాల్సింది పోయి పకపకా నవ్వేశాను. కడియంలో రామలక్ష్మి గారి ఇంటర్నెట్ సెంటర్ గుర్తొచ్చింది మరి! ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి, రిటైరయ్యాక ఊళ్లో రెండు కంప్యూటర్లు పెట్టారు. డిగ్రీ అయ్యాక నా మొదటి ఉద్యోగం అక్కడే. నేనా, మాటల పుట్టను. ఎదుటివాళ్లు మొదలుపెట్టిన మాట కూడా నేనే పూర్తిచేసేదాన్ని.

కంప్యూటర్లోంచి దేశం దాటి మాట్లాడొచ్చని తెలిసిన రోజు ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. అదెలాగని నేనడిగితే, ఎదురుగా మొక్కలు ఎక్కిస్తున్న లారీని చూపించారు.

“నీ మాటని ముక్కలు చేసి, ఒక్కోదాని మీద అడ్రసు రాసి పంపిస్తుందే. ఒక లారీ తుని మీదుగా వెళ్తే ఇంకోటి విజయవాడ మీదుగా వెళ్లొచ్చు. అన్నీ చేరాక అక్కడ మళ్లీ వరుసగా సర్దుకోవాలి కదా, అందుకే కాస్త లేటు. ఏ లారీ అయినా తప్పిపోయిందా, ఆ ముక్క గల్లంతే!”

అంతా బాగానే ఉంది గానీ, చిక్కంతా మన మర్యాదతో వచ్చింది. మా వైపు ఎదుటివారు మాట్లాడుతుంటే ఊకొట్టాలి. లేకపోతే వినడం లేదనుకుంటారు. ఆ ‘ఆఁ’ ఆలస్యంగా చేరి అవతలివారి మాట మధ్యలో పడేది. వారు ఆగిపోయి “ఏంటండీ?” అనేవారు. ఆపైన “మీరు చెప్పండి”, “లేదండీ, మీరే చెప్పండి” అంటూ కాలమంతా గడిచిపోయేది. రామలక్ష్మి గారు ఒక ఉపాయం కనిపెట్టారు. ఊకొట్టకూడదు. మాట అయిపోయాక ‘అండీ’ అనాలి. అది వినబడేదాకా రెండోవారు నోరు మెదపకూడదు.

నర్సరీలో మొక్కలకు అంట్లు కట్టే మంగ ఒక మధ్యాహ్నం పరుగున వచ్చింది. సొంతంగా నర్సరీ పెట్టుకోవడానికి అరెకరం కౌలుకు దొరికింది. సాయంత్రంలోగా మాట ఇవ్వకపోతే భూమి వేరేవాళ్లకు పోతుంది. గల్ఫ్‌లో ఉన్న భర్త సూరిబాబు ఒప్పుకోవాలి. అతనేమో ఎప్పుడూ ఆమె మాటను సగంలోనే తుంచేసే మనిషి.

“నేను మా ఆవిడకి అండీ అనాలా?” ఫోన్ కలిపి ఉపాయం చెప్పగానే స్పీకర్లోంచి అతని గొంతు పేలింది.

“కంప్యూటర్‌కి అనుకో నాయనా,” అన్నారు రామలక్ష్మి గారు.

మంగ అలవాటుగా “ఏవండీ” అని మొదలుపెట్టింది. అంతే, తన వంతు వచ్చిందనుకుని అతను “నర్సరీ గోల నీకెందుకే, నోర్మూసుకుని పనికెళ్లండీ!” అనేశాడు. మంగ ఒక్క క్షణం బిత్తరపోయింది. మరుక్షణం కిటుకు పట్టేసి, ‘ఏవండీ’ మానేసింది.

“బావా, నేను కట్టిన అంటు ఎండిపోగా ఎప్పుడైనా చూశావా? ఆ లారీల్లో పోయేవన్నీ నా చేతి మొక్కలే. పేరు మాత్రం ఇంకొకరిది…” అంటూ మధ్యలో ఆగింది. అందించడానికి నేను నోరు తెరిచాను. రామలక్ష్మి గారు చటుక్కున నా నోరు మూశారు.

“ఆగవే! ఆవిడింకా అండీ అనలేదు.”

అవతల సూరిబాబు కూడా ఆగాడు. మంగ కళ్లు తుడుచుకుని, మెల్లగా అంది. “కౌలుకి తీసుకుంటున్నాను. నువ్వు తోడుంటే సంతోషం. లేకపోయినా తీసుకుంటున్నానండీ.”

స్పీకర్ గరగరలాడింది.

“సరే… తీసుకోండీ.”

ముగ్గురం ఒకేసారి కేకపెట్టాం! ఎవరైనా మాట మధ్యలో ఆగితే నేనిప్పుడు అందించను. ఆ మాట ‘తీసుకుంటున్నాను’ అని మంగకు తప్ప ఎవరికి తెలుసు? ఆవేళ నేనందించబోయింది ‘మీ ఇష్టం’ అని.