రాజక్క కుట్టిన సీట్లు

పెద్దపల్లిలో తోలుపని చేసే రాజలింగుకు చూపు మందగించినప్పటి నుంచి ఇంటికొచ్చిన పనంతా భార్య రాజక్కదే. దారానికి మైనం రుద్ది, ఆరెతో తోలుకు బెజ్జం పొడిచి, పెదవి బిగబట్టి కుట్టేది. రాష్ట్రం కొత్తగా ఏర్పడిన ఆ ఏడు, బొగ్గుగని దొర రేసుకారు సీట్లను కూడా వాకిట్లో వేసుకుని, అరచెయ్యి బొబ్బలెక్కేదాకా ఆమే కుట్టింది.

దొర వచ్చి ఎర్రతోలును నిమిరి, "శానా బాగున్నది. ఎవరు కుట్టిండ్రు?" అన్నాడు. "నేనే దొరా. మా ఆడామె దారం అందిచ్చింది, గంతే," అలవాటైన మాటలా తడుముకోకుండా అన్నాడు రాజలింగు. ఇన్నాళ్లూ అందరికీ ఇదే చెబుతున్నాడని రాజక్కకు అప్పుడు అర్థమైంది. "అయితే చినిగిన ఈ టాపు గూడ జర నా ముందే కుట్టు," అని దొర వెంట తెచ్చిన కారు తోలు పైకప్పును ముందేశాడు. రాజలింగు బెదిరి భార్య వైపు తిరిగాడు. ఆమె సూదిలో దారం ఎక్కించి అతని చేతిలో పెట్టింది. "దారం అందిచ్చిన. ఇగ కుట్టు," అని లోపలికి పోయింది.